మిద్దె మీద వింత మొక్కలు: అనంతపురం ఎండల్లో సక్యులెంట్ల పెంపకం, సేకరణ

మా మిద్దె మీద గులకరాళ్లలా కనిపించే లిథాప్స్ మొక్కలను చూసినవారు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. "ఇవి ఎడారి మొక్కలే కదా. మన ఊళ్లో వానలు తక్కువ, ఎండకు కొదవ లేదు. అయినా నేను తెచ్చినవి మే నెల ఎందుకు దాటడం లేదు?"

పగటి ఎండ కన్నా రాత్రి వేడి వాటిని ఎక్కువగా చంపుతుంది. ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే ఈ సక్యులెంట్లలో చాలావరకు పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని గాలి పీల్చుకుంటాయి. మే నెలలో మన మిద్దె తెల్లవారుజామున కూడా పాదాలకు వెచ్చగానే తగులుతుంది. అలాంటి రాత్రుల్లో చాలా జాతులు పెరుగుదల ఆపి నిద్రపోతాయి. నిద్రలో ఉన్న వేరు నీరు తాగదు, తడిలో నానుతూ కుళ్లుతుంది. మనమేమో ఎండకు వాడిందనుకుని ఇంకో చెంబు పోస్తాం.

అందుకని కుండీ, మట్టి, మొక్క అన్నీ తర్వాత. ముందు నిద్ర సంగతి చూద్దాం. కడప, కర్నూలు వారు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. మొక్క ఏ కాలంలో నిద్రపోతుంది?

ఎండాకాలం జట్టు: అడీనియం, పాకిపోడియం, డార్‌స్టీనియా, స్టపీలియా, హ్యూర్నియా, యూఫోర్బియాల్లో ఎక్కువ భాగం, కాక్టస్‌లలో చాలావరకు. ఇవి ఉగాది నుంచి దసరా దాకా పెరుగుతాయి. సంక్రాంతి చలికి నిద్రపోతాయి. అడీనియం, పాకిపోడియం అప్పుడు ఆకులు కూడా రాల్చేస్తాయి. చచ్చిపోయిందని పారేయకండి.

చలికాలం జట్టు: లిథాప్స్, కోనోఫైటం, ఫెనెస్ట్రేరియా, టైటనాప్సిస్, హవోర్తియా. ఇవి దక్షిణాఫ్రికా, నమీబియా వైపువి. మన దగ్గర దసరా తర్వాత మేల్కొంటాయి, ఉగాదికి మళ్లీ ముడుచుకుంటాయి.

ఎటూ కాని జట్టు: ఎచవేరియాలు. మెక్సికోలోని ఎత్తైన ప్రాంతాలవి కాబట్టి పగలు ఎండ, రాత్రి చలి రెండూ కావాలి. నా మాట వింటే మొదటి రెండేళ్లు వీటి జోలికి వెళ్లకండి. గులాబీ రంగు చూసి మోసపోయి నేను పోగొట్టుకున్నవి ఒక డజను పైనే.

మొదటి ఏడాదికి ఐదు మొక్కలు చాలు: ఒక అడీనియం, ఒక హ్యూర్నియా, ఒక యూఫోర్బియా ఒబేసా, రెండు హవోర్తియాలు. లిథాప్స్ రెండో ఏడాది.

2. కొనడం

అనంతపురం, కడప ప్రాంతాల్లో చాలామంది బెంగళూరు నుంచి తెచ్చుకుంటారు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అనంతపురం దాదాపు 350 మీటర్ల దగ్గర. అక్కడి పాలీహౌస్‌లో పెరిగిన మొక్కను మార్చిలో తెచ్చి మన ఎండలో పెడితే వారంలో ఉడికిపోతుంది. చలికాలం జట్టును అక్టోబరు చివర నుంచి డిసెంబరు లోపు కొనండి. ఎండలు ముదిరే లోపు వేరు పట్టడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. అడీనియంలు ఫిబ్రవరి చివర నుంచి కొనవచ్చు. కడియం నర్సరీల నుంచి వచ్చేవి చవకగా దొరుకుతాయి.

కొనేటప్పుడు చూడవలసినవి:

- మొదలు దగ్గర వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే వదిలేయండి.
- ఆకుల సందుల్లో, కుండీ అడుగు రంధ్రం దగ్గర తెల్లటి దూది లాంటిది ఉంటే అది పిండినల్లి.
- కాక్టస్ తల మీద ఎండిన పువ్వు అతికించి ఉందేమో చూడండి. జిగురు మరక కనిపిస్తుంది.
- నీలం, ఊదా రంగు పూసిన మొక్కలు కొనకండి. కొత్త ఆకు పచ్చగానే వస్తుంది.
- ఆన్‌లైన్‌లో నీలి రంగు లిథాప్స్ విత్తనాలంటూ అమ్మేవి మోసం. అలాంటి లిథాప్స్ లేదు.
- ఎర్ర, పసుపు ముద్దల్లాంటి కాక్టస్‌కు సొంతంగా ఆహారం తయారుచేసుకునే పచ్చదనం ఉండదు. అది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం మీద అంటుకట్టినది. కింది కాండం కొన్నేళ్లకే అలసిపోతుంది కనుక దీన్ని పూలగుత్తి కొన్నట్టు కొనండి, సేకరణలో లెక్క వేసుకోకండి.

3. మట్టి మిశ్రమం

పెర్లైట్ (కాల్చి ఉబ్బించిన తేలికైన తెల్ల రాతి గుళికలు) గురించి చాలా చెబుతారు. ఆషాఢం గాలికి మా మిద్దె మీది పెర్లైట్ సగం పక్కింటి వాకిట్లో తేలింది. మనకు చేతికందే మంచి వస్తువు ఇటుక. కూల్చిన గోడల ఇటుకలకు సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి కాబట్టి బట్టీ దగ్గర విరిగిపోయిన కొత్త ఇటుకలు అడిగి తెచ్చుకోండి.

ఇటుకను కొట్టి, మేస్త్రీల ఇసుక జల్లెడలో ఒకసారి, పిండి జల్లెడలో ఒకసారి జల్లించాలి. కందిగింజకూ శనగగింజకూ మధ్య పరిమాణంలో మిగిలిన ముక్కలే మనకు కావాలి. మెత్తటి పొడి తీసేయాలి. అది మిగిలితే నాలుగు తడుపులకు అడుగున బురద కడుతుంది. నది ఇసుకను బకెట్‌లో వేసి, పైకి తేరిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

- ఎండాకాలం జట్టుకు: ఇటుక ముక్కలు 4 పాళ్లు, ముతక ఇసుక 2, జల్లించిన గరుసు 2, బాగా చివికిన ఆకు ఎరువు 2.
- చలికాలం జట్టుకు: ఇటుక ముక్కలు 5 పాళ్లు, ముతక ఇసుక 3, గరుసు 1, ఆకు ఎరువు 1.

కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి ఒక్క గుప్పెడు కూడా కలపకండి. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. కడప రాయి ముక్కలు అందంగా ఉంటాయి, కానీ అది సున్నపురాయి. సున్నపునేలలో పుట్టిన టైటనాప్సిస్‌కు నప్పుతుంది, మిగతావాటికి వద్దు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) తడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, నిద్రలో ఉన్న వేరుకు అది చేటు.

పరీక్ష సులువు. కుండీ నిండా మిశ్రమం పోసి, బాగా తడిపి, ఇంకో మగ్గు నీళ్లు పోయండి. పైన నిలవకుండా, పోసినంత వేగంగా కింద నుంచి కారాలి. నిలిచిందంటే మళ్లీ జల్లించాలి.

4. కుండీలు

నీళ్లు పోయకుండా చేతులు ఊరుకోలేని వారికి మట్టి కుండీ మేలు. నల్ల ప్లాస్టిక్ కుండీ మిద్దె మీద వేళ్లను ఉడకబెడుతుంది. వాడక తప్పకపోతే బయట తెల్ల రంగు వేయండి. లిథాప్స్, హవోర్తియాల వేళ్లు లోతుకు పోతాయి కాబట్టి కనీసం నాలుగంగుళాల లోతు ఉండాలి. కుండీని నేరుగా బండల మీద పెట్టకండి. నాపరాయి పరిచిన మిద్దె మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. ఇటుకల మీదో, ఇనుప స్టాండు మీదో ఎత్తి పెట్టండి.

5. నాటే క్రమం

1. తెచ్చిన మొక్కను పాత మట్టితో సహా కుండీ నుంచి తీయండి. కోకోపీట్ ఉంటే మొత్తం కడిగేయండి. వేళ్ల మధ్య గట్టి ముద్ద ఉంటే పాత టూత్‌బ్రష్ వాడండి.
2. ఎండిన, నల్లబడిన వేళ్లను కత్తిరించండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి ఉంచండి.
3. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. హవోర్తియా, లిథాప్స్‌కు మూడు రోజులు. లావు వేరు కోసిన అడీనియంకు పది రోజులు.
4. రంధ్రం మీద దోమతెర ముక్క వేసి నేరుగా మిశ్రమం పోయండి. అడుగున కంకర పరిస్తే నీరు త్వరగా పోతుందన్నది అపోహ. కంకర పైన మెత్తటి పొరలోనే నీరు ఆగి, తడి వేరుకు ఇంకా దగ్గరగా చేరుతుంది.
5. పొడి మిశ్రమంలోనే నాటండి. మొక్క మెడ (కాండం వేరుతో కలిసే చోటు) మట్టిలో కూరుకుపోకూడదు.
6. పైన ఒక సెంటీమీటరు మందాన చిన్న గులకరాళ్లు పరవండి. మెడ పొడిగా ఉంటుంది.
7. వారం రోజులు నీళ్లు వద్దు. చాలామంది తప్పేది ఇక్కడే. కోసిన వేరు మానకముందే తడి తగిలితే కుళ్లు లోపలికి పాకుతుంది.

యూఫోర్బియా కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. పడితే ఎక్కువ నీళ్లతో కడిగి వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లాలి. అడీనియం పాలు విషం కాబట్టి పిల్లలకు, మేకలకు అందనివ్వకండి.

6. ఎండ, నీడ

అడీనియం, పాకిపోడియం ఏడాది పొడవునా బయట ఎండలో ఉండగలవు. యూఫోర్బియా ఒబేసా, కాక్టస్‌లకు మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్‌నెట్ (ఎండలో సగాన్ని ఆపే నీడ వల) కావాలి. లిథాప్స్‌కు ఉదయం ఎండ పదింటి వరకు చాలు, తర్వాత నెట్ కింద. హవోర్తియాలకు 75 శాతం నెట్ గానీ, తూర్పు వరండా గానీ కావాలి.

నీడలోని మొక్కను ఒక్కసారిగా ఎండలోకి తేకండి. రోజుకు అరగంట చొప్పున పెంచుతూ పదిహేను రోజులు అలవాటు చేయండి. ఆకు మీద తెల్లగా, గోధుమ రంగులో మచ్చ పడితే అది ఎండదెబ్బ. ఆ మచ్చ మళ్లీ పోదు, మందు కొట్టి ప్రయోజనం లేదు.

ఎయిర్ కూలర్ ఉన్న కిటికీ దగ్గర కుండీలు పెట్టకండి. ఆ తేమగాలికి నిద్రలో ఉన్న హవోర్తియా మొదలు కుళ్లుతుంది.

7. నీళ్లు: ఏ నీరు, ఎప్పుడు, ఎంత

మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కట్టడం మీరూ చూసే ఉంటారు. ఆ పొర వేరు చుట్టూ కూడా కడుతుంది.

- వాన నీరు: అన్నిటికన్నా మేలు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిస్తే, అన్ని నెలల కన్నా ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మొదటి పది నిమిషాల నీటిని వదిలి, తర్వాతది మూతగట్టి ఉన్న డ్రమ్ములో పట్టుకోండి.
- ఏసీ నుంచి కారే నీరు: లవణాలు దాదాపు ఉండవు. వాడుకోవచ్చు.
- ఆర్వో యంత్రం వదిలేసే నీరు: వద్దు. బోరు నీటి కన్నా ఉప్పన.
- కూలర్ అడుగున మిగిలిన నీరు: ఆవిరైపోయిన నీటి ఉప్పంతా అందులోనే ఉంటుంది. అసలే వద్దు.

బోరు నీరే గతి అయితే, పెరిగే కాలంలో రెండు నెలలకోసారి వాన నీటితో గానీ ఆర్వో మంచినీటితో గానీ కుండీని ధారాళంగా కడిగేయండి.

ఎప్పుడు పోయాలో తెలియకపోతే వంటింటి కాటా వాడండి. బాగా తడిపిన రోజు కుండీ బరువు, పూర్తిగా ఎండిన రోజు బరువు ఒక్కసారి రాసిపెట్టుకోండి. ఎండిన బరువుకు చేరిన రెండు మూడు రోజులకు మళ్లీ పోయండి. నెల తిరిగేసరికి చేతితో ఎత్తితేనే తెలిసిపోతుంది. పోసినప్పుడు కింద నుంచి కారేలా నిండుగా పోయాలి. రోజూ చెంచాడు పోయడం వల్ల పైపొర తడిసి, కింది వేళ్లు ఎండి చస్తాయి.

లిథాప్స్‌కు ఈ లెక్కలేవీ పనికిరావు. మా మిద్దె మీద దాని ఏడాది ఇలా సాగుతుంది. అక్టోబరులో రెండాకుల మధ్య చీలికలోంచి పువ్వు వస్తుంది. మధ్యాహ్నం దాటాకే విప్పుకుంటుంది. అప్పటికి పది, పన్నెండు రోజులకోసారి నీళ్లు. పువ్వు వాడాక డిసెంబరులో చీలికను వంగి చూడండి, లోపల అడ్డంగా ఇంకో కొత్త జత కనిపిస్తుంది. అది కనిపించిన రోజు నుంచి చుక్క నీరు పోయకండి. కొత్త జత తనకు కావలసిన నీటిని పాత ఆకుల నుంచే పీల్చుకుంటుంది. పాత ఆకులు ముడతలు పడి, మెత్తబడి, చివరకు ఉల్లిపొర లాగా ఎండుతాయి. చూడటానికి బాధగానే ఉంటుంది, అయినా పోయకండి. మధ్యలో పోస్తే పాత ఆకులు మళ్లీ ఉబ్బి, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, నాలుగాకుల మొక్క తయారవుతుంది. అది వేసవిని తట్టుకోవడం కష్టం. ఫిబ్రవరి చివర పొర పూర్తిగా ఎండాక ఒకటి, రెండు సార్లు నిండుగా పోసి, ఉగాదికి ఆపేయండి. మే నెలలో పక్కలు బాగా ముడతలు పడితే, మూడు వారాలకోసారి సూర్యాస్తమయం తర్వాత పైమట్టి తడిసేంత మాత్రం చల్లండి.

వేసవిలో ఇంకో శత్రువు ఉంది: దాహంతో ఉన్న పక్షి. లిథాప్స్‌ను ముక్కుతో పొడిచి నీరు తాగుతుంది. నెట్ కట్టండి, పక్కన ఓ మూకుడులో నీళ్లూ పెట్టండి.

8. కార్తెల లెక్కన పనులు

- రోహిణి: ముడతలు పడ్డ లిథాప్స్‌కు పైన చెప్పిన చిలకరింపు తప్ప, చలికాలం జట్టుకు నీళ్లు బంద్. కుండీ మార్చడం, కోయడం వద్దు. అడీనియంకు మాత్రం సాయంత్రం నిండుగా పోయండి.
- మృగశిర, ఆరుద్ర: గాలులు మొదలవుతాయి. ఎత్తుగా పెరిగినవాటిని గోడవైపు జరపండి. రెండు చినుకులు పడ్డాయని లిథాప్స్‌కు నీళ్లు పోయకండి. రాత్రులు ఇంకా వెచ్చగానే ఉంటాయి.
- హస్త, చిత్త: అసలు వానలు అప్పుడే. లిథాప్స్, యూఫోర్బియా ఒబేసా, కాక్టస్‌ల మీద పారదర్శక షీటు కప్పండి. నాలుగు వైపులా గాలి ఆడాలి.
- విశాఖ తర్వాత: చలికాలం జట్టుకు కుండీలు మార్చండి, హవోర్తియా పిలకలు వేరుచేయండి. అడీనియంకు నీళ్లు తగ్గిస్తూ రండి.

9. జబ్బులు, చికిత్స

వేరు కుళ్లు: అడీనియం దుంప ఒకవైపు మెత్తబడితే ఆ రోజే పని మొదలుపెట్టాలి. బ్లేడును సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, మెత్తటి భాగం కోయండి. కోతలో గోధుమ రంగు చుక్క ఒక్కటి కనిపించినా, బ్లేడు మళ్లీ తుడిచి ఇంకో పొర తీయండి. మొత్తం పాల తెలుపు వచ్చేదాకా ఆగకూడదు. కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ల మందు) పొడి అద్ది, నీడలో పదిహేను రోజులు ఆరబెట్టి నాటండి. సగం దుంప పోయినా మొక్క బతుకుతుంది. లిథాప్స్ కుళ్లితే వైద్యం లేదు. తీసేసి, అదే కుండీలో పక్కనున్నవాటిని కాపాడుకోండి.

పిండినల్లి: స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడవండి. సాయంత్రమే చేయాలి. వారానికోసారి చొప్పున మూడుసార్లు. కుండీ గోడ లోపల తెల్లపొడి కనిపిస్తే అది వేరు పిండినల్లి. మట్టంతా పారేసి, వేళ్లు కడిగి కొత్తగా నాటాలి. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే అనుమానించండి.

ఎర్రనల్లి: కాక్టస్ కొత్త చిగురు తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. నీటిలో కరిగే గంధకపు పొడి పనిచేస్తుంది, కానీ మండే ఎండల్లో చల్లితే మొక్క కాలిపోతుంది. వేసవిలో నీటి ధారతో కడిగి సరిపెట్టుకోండి.

సాగిపోవడం: వెలుతురు చాలక హవోర్తియా సాగితే ఆ ఆకులు మళ్లీ కుదురుకోవు. చోటు మార్చి కొత్త ఆకుల కోసం ఎదురుచూడాలి.

10. సేకరణ

పది కుండీలు దాటాక మీ జ్ఞాపకాన్ని నమ్మకండి. ప్రతి కుండీకి పేరుచీటీ, ఒక రిజిస్టరు పెట్టండి. మార్కర్ రాత మన ఎండకు ఆరు నెలల్లో చెరిగిపోతుంది. ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్‌తో రాస్తే ఏళ్లు నిలుస్తుంది. రిజిస్టరులో పేరు, వచ్చిన తేదీ, ఎక్కడి నుంచి, కుండీ మార్చిన తేదీ, పూత నెల రాయండి. చనిపోతే తేదీ, కారణం కూడా రాయండి. నా రిజిస్టరులో మొదటి రెండేళ్ల చావుల్లో ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల్లో ఉండటం చూశాకే నీళ్ల సంగతి అర్థమైంది.

కొత్త మొక్కను నాలుగు వారాలు విడిగా ఉంచండి. పిండినల్లి ఎక్కువగా కొత్తవాటితోనే వస్తుంది.

ఇక విత్తనాలు. అడీనియం తాజా విత్తనం చైత్ర, వైశాఖాల్లో వేస్తే వారంలోపే మొలుస్తుంది. లిథాప్స్ విత్తనం ధూళిలా ఉంటుంది. నవంబరులో, మరిగే నీళ్లు పోసి చల్లార్చిన మిశ్రమం మీద చల్లి, మట్టి కప్పకుండా, పారదర్శక మూత పెట్టండి. మొలిచాక మూత కొద్దికొద్దిగా తెరవండి. యూఫోర్బియా ఒబేసాలో ఆడ, మగ మొక్కలు వేరు. విత్తనం కావాలంటే రెండూ పెంచి, సన్న కుంచెతో పుప్పొడి అంటించాలి. కాయ పండగానే టప్పున పగిలి విత్తనాలను దూరంగా విసురుతుంది. ముందే దోమతెర సంచి కట్టండి.

విదేశాల నుంచి తెప్పించే ముందు ఒక్క మాట. దాదాపు కాక్టస్ కుటుంబమంతా, కండ కాండపు యూఫోర్బియాలు, పాకిపోడియంలు 1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. అనుమతి పత్రాలు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా పార్సిల్ తెప్పించకండి. దక్షిణాఫ్రికాలో కోనోఫైటంలను కొండల మీద నుంచి దొంగతనంగా పెకలించి అమ్ముతున్నారు. వంకరగా, మచ్చలతో, తెగిన ముసలి వేరుతో వచ్చిన మొక్క అలాంటిదే కావచ్చు. విత్తనం నుంచి పెంచినదే అడిగి కొనండి.

నల్లమల, శేషాచలం అడవుల నుంచి కూడా ఏదీ పెకలించకండి. వింత మొక్కే కావాలంటే మన గుట్టల్లో ముళ్లపొదల నీడన పెరిగే కుందేటి కొమ్ములు ఉన్నాయి, స్టపీలియాకు దగ్గరి చుట్టం. పొలం గట్టున ఉన్నవారిని అడిగి బెత్తెడు కొమ్మ తెచ్చుకోండి. వారం ఆరబెట్టి, ఎండాకాలం జట్టు మిశ్రమంలో పడుకోబెట్టి నాటితే చాలు. అడీనియం, పాకిపోడియంల లాగే ఇదీ మన ఎండకు షేడ్‌నెట్ అడగదు. పువ్వు వాసనకు మాత్రం ఈగలు మూగుతాయి, వంటింటి కిటికీకి దూరంగా పెట్టండి.

11. ఊరికి వెళ్లేటప్పుడు

- వెళ్లే ముందు రోజు పెరుగుతున్న మొక్కలకే నీళ్లు పోయండి. నిద్రలో ఉన్నవాటికి వద్దు.
- కుండీలన్నీ ఒకచోటికి చేర్చి, షేడ్‌నెట్ తాళ్లు బిగించండి.
- అడీనియం తప్ప మిగతావి మూడు వారాలు నీళ్లు లేకుండా ఆగగలవు.
- పక్కింటి అత్తయ్య నీళ్లు పోస్తానన్నా వద్దని చెప్పండి. ఆవిడ తులసికోటకు పోసినట్టే లిథాప్స్‌కూ రోజూ చెంబుడు పోస్తుంది.